కుండ, గుంట, చెరువు

క్లాసులో పోతనగారి అష్టమ స్కంధం చెబుతున్నాను. గజేంద్రుడి మొసలి బాధ తీరింది. వామనుడి మూడడుగులూ అయినవి. మత్స్యావతారం దగ్గరకు వచ్చాం.

కథ మీకు తెలిసిందే. ద్రవిడ దేశపు రాజు సత్యవ్రతుడు కృతమాలా నదిలో నిలబడి తర్పణం విడుస్తున్నాడు. దోసిట్లోకి ఓ చిన్న చేపపిల్ల వచ్చింది. రాజు దాన్ని మళ్ళీ ఏట్లో విడవబోయాడు. అది గోల పెట్టింది. ఈ నీళ్ళలో నా జాతివాళ్ళే నన్ను మింగేస్తారు, నన్నిక్కడ వదలవద్దు అని బ్రతిమాలుకొంది. రాజు జాలిపడి కమండలంలో వేసుకొని ఇంటికి తీసుకుపోయాడు. తెల్లవారేసరికి కమండలం చాలలేదు. పెద్ద పాత్రలో వేశాడు, అదీ చాలలేదు. కొలనులో వేశాడు, కొలనూ చాలలేదు. చివరకు సముద్రం.

శరణాగతి అంటే ఏమిటో నేను తన్మయత్వంతో వివరిస్తూ ఉండగా వెనక బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది. ఆ అబ్బాయి ఎప్పుడూ నోరు విప్పడు. మా రుద్రూరు పక్క ఊరివాడు, చేపలు పట్టే ఇంటి బిడ్డ.

"సార్, గా రాజుకు తెలివున్నది" అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. "ఎందుచేత?" అన్నాను.

"పిల్లను కుండల పెంచిండు సార్. పెద్దగైనంక పెద్ద నీళ్ళల్ల ఇడిచిండు. మా చెర్ల గోరంత పిల్లలను తెచ్చి కార్తీకంల పోసిండ్రు. ఒక్కటి మిగల్లే. మా నాయన ఈయేడు వల ఇంట్లనే పెట్టిండు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పదిహేనేళ్ళుగా ఈ కథ చెబుతున్నాను. భక్తి ఉందన్నాను, అద్భుత రసం ఉందన్నాను, ప్రళయ వర్ణన ఉందన్నాను. చేపపిల్లను పెంచే పద్ధతి ఉందని మాత్రం నాకు తోచలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి శతపథ బ్రాహ్మణం అనువాదం తీసి చూశాను. అక్కడ కథ మనువుది, ఇంకా పాతది. అందులో చేప తన నోటితోనే వరస చెబుతుంది: ముందు కుండలో ఉంచు, కుండ దాటి పెరిగితే గుంట తవ్వి అందులో ఉంచు, గుంట కూడా దాటితే సముద్రంలో విడు, అప్పుడు నన్నెవరూ ఏమీ చెయ్యలేరు. కుండ, గుంట, సముద్రం. ఇప్పటి మత్స్యశాఖ వారి పుస్తకాల్లో నర్సరీ చెరువు, రేరింగు చెరువు, పెంపకపు చెరువు అని మూడు మెట్లు ఉంటవి. ఆ మెట్లే ఇవి.

ఈ శీర్షికలో నేను సాధారణంగా పద్యాల గురించీ మాటల గురించీ వ్రాస్తూ ఉంటాను. ఈ వారం చేపపిల్లల గురించి వ్రాస్తున్నానంటే తప్పు నాది కాదు, వెనక బెంచీది.

పూర్తిగా ఆ బెంచీదే అని తోసెయ్యడానికీ వీల్లేదు. ఆ అబ్బాయి మాటకు నేను తల వంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. నాలుగేళ్ళ క్రిందట నేను కూడా యాభై వేల చేపపిల్లలను చంపాను.

మా రుద్రూరు నిజాంసాగరు కాలువ కింది ఊరు. బాన్సువాడ నుంచి బోధనుకు పోయే దారిలో ఉంటుంది. మంజీరకు అడ్డంగా ఆ ఆనకట్ట 1923 లో మొదలై 1931 లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్ళు వచ్చిన తర్వాత కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి కాలువ పొడుగునా క్యాంపులు కట్టుకొన్నారు. అందుకే మా ప్రాంతంలో ఒకే చేపకు రెండు పేర్లు. మా ఇళ్ళల్లో కొర్రమట్ట, క్యాంపుల్లో కొరమీను. మా రవ్వ వాళ్ళకు శీలావతి. ఎవరి పేరుతో వండినా కూర ఒకటే రుచి కాబట్టి ఈ భాషావివాదం పెద్దది కాలేదు.

మా నాన్నగారు మాకు వదిలిపోయిన పొలంలో పల్లపు మూలను పది గుంటల కుంట ఉంది. కాలువ ఊట దిగి అక్కడ నీళ్ళు నిలుస్తవి, వరి పండదు. నాలుగేళ్ళ క్రిందట ఎవరో చెబితే ఆశ పుట్టింది. కుంటలో నాలుగు బండ్ల పేడ కొట్టించాను. ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్ పట్టించి తెచ్చిన యాభై వేల పిల్లలను కొన్నాను. ఒక్కొక్కటి అంగుళం కన్నా తక్కువ. మధ్యాహ్నం రెండు గంటలకు, జ్యేష్ఠమాసపు ఎండలో, సంచి మూతి విప్పి బడబడ కుమ్మరించాను. ఫోటో కూడా తీయించుకొన్నాను.

సాయంత్రానికి నీటి అంచున తెల్లగా పేలాలు చల్లినట్లు కనిపించింది. పేలాలు కావు. మిగిలినవి వారం రోజులు తిరిగినవి. ఎనిమిదో నాడు తెల్లవారుజామున జీతగాడు పరుగెత్తుకొచ్చాడు. వెళ్ళి చూస్తే పిల్లలన్నీ నీటి పైకి మూతులు పెట్టి గుటకలు మింగుతున్నవి. సూర్యుడు ఎక్కే లోపల చాలామటుకు తేలిపోయినవి.

పిల్లలమ్మినవాడు మోసం చేశాడని ఊరంతా చెప్పుకు తిరిగాను. అప్పుడు మా శిష్యుడి ఊరివాడే, ఇప్పుడు నేను కాకా అని పిలిచే పెద్దమనిషి, కుంట దగ్గరకు వచ్చాడు. నీళ్ళలోకి దిగి మోచేతి దాకా చెయ్యి ముంచాడు. మణికట్టు దగ్గరే అరచెయ్యి కనబడటం మానేసింది. నీళ్ళు అంత పచ్చగా ఉన్నవి. దోసిట్లోకి కొంచెం తీసుకొని వాసన చూశాడు.

"నీళ్ళల్ల దమ్ము లేదు సారూ" అన్నాడు. "పిల్లలమ్మినోని తప్పు కాదు."

దమ్ము అనే ఆ మాటకు అర్థం నేను తర్వాత చదువుకొన్నాను. నీళ్ళల్లో కరిగిన ఆక్సిజనే చేపకు ఊపిరి. 20 డిగ్రీల చల్లని నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. నీరు 30 డిగ్రీలకు వేడెక్కితే అది ఏడున్నరకు దిగుతుంది. కార్పు జాతి పిల్లలు హాయిగా పెరగాలంటే 5 కు తగ్గరాదు. నేను కొట్టించిన పేడతో నాచు విపరీతంగా పెరిగింది. పగలు ఎండలో ఆ నాచే ఆక్సిజన్ విడుస్తుంది. అంచేత సాయంత్రం చూసిన వాడికి కుంట స్వర్గంలా ఉంటుంది. రాత్రి అదే నాచు, కుళ్ళే పేడ, చేపలు అన్నీ కలిసి ఆ ఊపిరిని తినేస్తవి. కోడికూతవేళకు అడుగంటుతుంది. చేపల కుంటను చూడవలసింది సాయంత్రం షికారుకు పోయి కాదు, నాలుగు గంటలకు లేచి.

మొదటి రోజు చావులకు కారణం ఇంకొకటి. సంచిలోని నీళ్ళు చల్లనివి, కుంటలోవి సలసల కాగినట్లున్నవి. పిల్లల్ని తేగానే సంచిని మూతి విప్పకుండా కుంటలో తేలనియ్యాలి. పావుగంట, ఇరవై నిమిషాలు గడిచిన తర్వాత కుంట నీళ్ళు కొద్దికొద్దిగా సంచిలోకి పట్టాలి. ఆ తర్వాత సంచిని వంచితే పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ బయటికి పోతవి. అదీ పొద్దున్నో సాయంత్రమో చెయ్యవలసిన పని. కొత్తకోడలిని కూడా గడప దగ్గర కాసేపు ఆపుతాం గదా.

ఇక్కడ కాస్త వెనక్కు పోవాలి.

మనం తినే బొచ్చె, రవ్వ, మోసు, ఈ మూడూ గంగ, గోదావరి వంటి నదుల చేపలు. వరదకాలంలో, పారే నీటిలో, మునిగిన గట్ల మీద గుడ్లు పెట్టడం వాటి స్వభావం. నిలవ నీళ్ళ చెరువుల్లో అవి బాగా పెరుగుతవి గాని గుడ్లు పెట్టవు. అందుకే ఒకప్పుడు నదుల్లో పిల్లల్ని వలేసి పట్టి, మట్టి కుండల్లో పోసి రైళ్ళలో దూర దేశాలకు చేర్చేవారు. దారి పొడుగునా ఒక మనిషి కూర్చుని చేత్తో నీళ్ళు కలియబెడుతూ ఉండాలి, ఊపిరి అందడానికి. 1957 జూలై 10 న ఒడిషాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసాన్ని తల్లి చేపలకు సూదిమందుగా ఇచ్చి, చెరువు చేపల చేత గుడ్లు పెట్టించాడు. ఆ తేదీనే ఇప్పుడు దేశమంతటా చేపల రైతుల దినంగా జరుపుకొంటున్నారు. ఆనాటి నుంచి పిల్లలకు కరువు తీరింది. కిలో బరువున్న రవ్వ తల్లి రెండు లక్షలకు పైగా గుడ్లు పెడుతుంది. పుట్టించడం తేలికైపోయింది.

పుట్టిన తర్వాతి సంగతి మాత్రం అంత తేలిక కాలేదు. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల పొట్ట కింద పచ్చసొన సంచి వేలాడుతూ ఉంటుంది. అదే దాని చద్ది మూట. రెండు మూడు రోజుల్లో ఆ మూట అయిపోతుంది. ఆ వేళకు దాని నోట్లో పట్టేంత సన్నని పురుగు నీళ్ళలో సిద్ధంగా ఉండాలి. ఉంటే బ్రతుకుతుంది, లేకపోతే లేదు. వాయిదా లేదు.

నార్వే దేశంలో యోహాన్ యోర్ట్ అని ఒక సముద్ర శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఒక ఏడు చేపలు గుట్టలుగా దొరకడమేమిటి, ఇంకో ఏడు వలలు ఖాళీగా రావడమేమిటి అని ఆయనకు అనుమానం. చేపలు ఎటో వలసపోతవని అందరూ అనేవారు. ఆయన చేపల పొలుసుల మీద ఉండే వలయాలను లెక్కపెట్టి వయసులు కట్టించాడు. హెర్రింగు చేపల్లో 1904 లో పుట్టినవే ఏళ్ళ తరబడి వలల నిండా పడుతూ వచ్చినవి. ముందూ వెనకా పుట్టినవి చాలా కొద్ది. 1914 లో ఆయన ఒక ఊహ చెప్పాడు. తల్లులు ఎన్ని గుడ్లు పెట్టినవన్నది కాదు, చద్ది మూట అయిపోయిన ఆ కొద్ది రోజుల్లో పిల్లలకు తిండి దొరికిందా లేదా అన్నదే రాబోయే ఏళ్ళ పంటను నిర్ణయిస్తుందన్నాడు. ఆ తర్వాతి వాళ్ళు ఆ ఊహకు చాలా సవరణలు చేశారు. ఆకలే కాదు, శత్రువు ఉంది, ఎండ ఉంది, ప్రవాహం ఎటు కొట్టుకుపోయిందన్నదీ ఉంది. కాని లెక్క మొదలుపెట్టవలసిన చోటు తల్లి పొట్ట కాదు, పిల్ల చుట్టూ ఉన్న నీళ్ళు అన్నది నిలబడింది.

ఈ మాట నేను కాకాకు తెలుగులో చెప్పబోయాను. ఆయన సగం విని లేచాడు. "దా సారూ, సూపిస్త" అన్నాడు.

ఊరి చెరువు శిఖంలో, తుంగ మొలిచిన మోకాటి లోతు నీళ్ళ దగ్గర నిలబెట్టాడు. నీటి పైన గుప్పెడు ఎర్రదనం కదులుతున్నది. కుంకుమ కలిపినట్లు. అది ఒకసారి ఉబ్బుతుంది, ఒకసారి ముడుచుకొంటుంది. అవి వందల కొద్దీ కొర్రమట్ట పిల్లలు. వాటి కింద నల్లగా, కర్రదుంగలాగ, పెద్ద చేప కాపలా ఉంది. రవ్వ తల్లి లక్షల గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. కొర్రమట్ట పెట్టేది కొన్ని వేలే. గడ్డి ఒత్తి గూడు చేసి, గుడ్లను తేలనిచ్చి, పిల్లలయిన తర్వాత కూడా వారాల తరబడి వెంట తిరుగుతుంది. తెలంగాణకు రాష్ట్రపు చేప అదే.

"ఇది గడ్డి లేని కాడ గూడు పెట్టది" అన్నాడు కాకా. "గట్టు సాఫు చేస్తమని జేసీబీ తెస్తరు. సాఫైతది. పిల్ల ఏడ దాగాలె?"

2015 మార్చి 12 న మిషన్ కాకతీయను అప్పటి మా నిజామాబాదు జిల్లాలోనే, సదాశివనగర్ పాత చెరువు దగ్గర ప్రారంభించారు. పూడిక తీసిన చెరువుల్లో నీళ్ళు నిలిచినవి, పొలాలకు మట్టి చేరింది. దాన్ని నేను కాదనను. నిజాంసాగరే మొదట దాదాపు 30 టి.ఎం.సి. పట్టేది, పూడిక చేరి 17.8 కి దిగింది. పూడిక ఎంత చేటో మా ప్రాంతానికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే చెరువును బావిలాగ నిటారుగా తోడితే నీళ్ళు ఎక్కువ పడతవి గాని పిల్ల తిరిగే నిస్సారపు అంచు పోతుంది. ఆ అంచులోనే నీళ్ళు త్వరగా వేడెక్కుతవి, అక్కడే సన్న పురుగు పుడుతుంది, అక్కడికే పెద్ద చేప రాలేదు. ఒక పక్కనైనా ఏటవాలు ఉంచి, అక్కడి తుంగను కొంత వదిలేస్తే సరిపోయేది. ఇది నా అభిప్రాయం. కాకా అభిప్రాయం ఇంకా ఘాటుగా ఉంటుంది, పత్రికలో వేయరు.

2016 లో ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను పోయడం మొదలుపెట్టింది. ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడుగునా నీళ్ళుండే చెరువులకూ జలాశయాలకూ 80 నుంచి 100 మిల్లీమీటర్లవి అని కొలత పెట్టారు. ఈ కొలతలో ఇంగితం ఉంది. వేసవిలో ఎండిన చెరువులో పాత కొర్రమట్టలూ వాలుగలూ చస్తవి, అంచేత చిన్న పిల్లకు కొంత నిర్భయం. ఎండని చెరువులో అవి నోళ్ళు తెరుచుకొని ఉంటవి. అక్కడ వేలెడు పొడుగు లేని పిల్లను విడవడమంటే మేకపిల్లను పులి బోనులో కట్టెయ్యడమే. మా శిష్యుడి చెరువు ఎండని చెరువు. అక్కడ పోసినవి గోరంతవి, పోసింది కార్తీకంలో. ఎవరు తెచ్చారు, ఎందుకాలస్యమైంది అన్న విచారణ నా పని కాదు. చలి నీళ్ళలో తిండి సరిగా ముట్టక, పెరగక, పెరగనివి పరుగెత్తలేక, ఆ పిల్లలు ఏమైనవో ఊహించడానికి మాత్రం విచారణ సంఘం అక్కర్లేదు.

చేప పెరుగుదలలో ఒక విచిత్రం ఉంది. దూడకు ఏడాది నిండితే ఎంత ఉంటుందో చూడకుండానే చెప్పగలం. చేపకు అల్లా చెప్పలేం. ఒకే తల్లి పిల్లలు, ఒకే రోజున పుట్టినవి, ఏడాది తర్వాత ఒకటి వేలెడు ఉండవచ్చు, ఒకటి కిలో తూగవచ్చు. వయసు కాదు, చోటూ తిండీ లెక్క. కొల్లేటి కింద కైకలూరు ప్రాంతపు రైతులు దీన్ని తెలివిగా వాడుకొన్నారు. పిల్లల్ని ఏడాది దాకా ఇరుకు చెరువులో, చాలీ చాలని తిండితో గిడసబార్చి ఉంచుతారు. పిదప విశాలమైన చెరువులోకి మార్చి తిండి పెడితే అవి ఆగిన పెరుగుదలంతా వడ్డీతో సహా రాబట్టుకొన్నట్లు ఎదుగుతవి. మా కాలేజీ హాస్టలు గుర్తొచ్చింది, కాని ఆ పోలికను ఇక్కడితో ఆపడం మంచిది.

ఇరుకులో ఇంకో ప్రమాదం ఉంది. కొర్రమట్ట పిల్లల్లో కాస్త పెద్దదయినది చిన్నదాన్ని మింగుతుంది. అందుకే పెంచేవాళ్ళు కొన్నాళ్ళకొకసారి సైజుల వారీగా ఏరి విడదీస్తారు. సత్యవ్రతుడి చేప స్వజాతి భయం చెప్పుకొందంటే అది కవి కల్పన కాదు.

చిన్నప్పుడు మాకు చేపపిల్లలంటే కాలువే. నీళ్ళు కట్టేసిన మర్నాడు కాలువ అడుగున మడుగులు మిగిలేవి. తువ్వాళ్ళతో గాలించేవాళ్ళం. పరకలు, జెల్లలు, ఏవో పేరు తెలియని వెండి పిల్లలు. మడుగు ఇంకే కొద్దీ అవి దగ్గర దగ్గరగా చేరి కొట్టుకొనేవి. చిన్నయసూరి నీతిచంద్రికలోని మూడు చేపల కథ పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఆ మడుగులే గుర్తొస్తవి. ముందు చూపున్న చేప వేరే మడుగుకు వెళ్ళి బ్రతికిందని కథ. కాలువ కింద పుట్టిన పిల్లకు ఎంత ముందు చూపుండి మాత్రం ఏం లాభం? తూము తాళం దాని దగ్గర లేదు.

ఆ రోజుల్లో వరిమళ్ళల్లో కూడా చేపలుండేవి. తొలకరి వరదకు మత్తడి దూకే నీళ్ళలో ఎదురెక్కి వచ్చి, మడిలో పిల్లల్ని చేసేవి. జానెడు లోతు, వెచ్చని నీళ్ళు, బోలెడు పురుగు. మడికి మించిన నర్సరీ లేదు. ఇప్పుడు ఆ నీటిలోకి పురుగు మందు దిగుతున్నది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీం కోర్టు 2011 లో ఆపింది. దాని తర్వాత కూడా వాడుతున్న పైరిథ్రాయిడ్ మందులు మనిషికి, పశువుకు కొంత నెమ్మది గాని చేపపిల్లకు చుక్క చాలు. మా ఊరు వరికీ చెరకుకూ పరిశోధన కేంద్రం ఉన్న ఊరు. రైతు అడిగితే ఏ తెగులుకు ఏ మందో చెప్పేవారున్నారు. ఆ మందు కొట్టిన మడి నీళ్ళు వెంటనే కాలువలోకి విడవవద్దని రైతుకు రైతే చెప్పుకోవాలి.

ఇంతకూ మా కుంట సంగతి. రుద్రూరు 2016 లో మండలం అయిన తర్వాత ఇళ్ళ స్థలాల ధరలు పెరిగినవి. ఆ పది గుంటలూ మొరం పోసి చదును చేస్తే కొంటామని మనుషులు వస్తున్నారు. మా తమ్ముడు అమ్ముదామంటాడు. వాడి మాటలో తప్పు లేదు. వాడికి ఇద్దరు ఆడపిల్లల చదువులున్నవి. ఆ కుంట మీద నాలుగేళ్ళలో మాకు వచ్చింది ఒక ఫోటో మాత్రమే.

ఆ క్లాసు జరిగిన వారానికి మా శిష్యుడూ, వాళ్ళ నాన్నా, కాకా మరో నలుగురితో కలిసి మా ఇంటికి వచ్చారు. గోరంత పిల్లల్ని తామే కొని, మా కుంటలో వేలెడు చేసి, ఆ పైన తమ చెరువులో విడుస్తారట. కుంట ఇస్తావా అని అడిగారు. కుండ అయిపోయింది, గుంట కావాలి. తమ్ముణ్ణి పిలిచాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "దసరా దాకా చూస్త అన్నా. గప్పటికి పిల్లలు నిలవడితె కుంట వాళ్ళకు కౌలుకిద్దం. లేకుంటె నువ్వు అడ్డం చెప్పద్దు" అన్నాడు. ఒప్పుకొన్నాను.

ఈసారి పని కాకా చేతిలో పెట్టాం. వేసవిలో కూడా కుంట పూర్తిగా ఎండలేదు. అడుగున నీళ్ళు, ఆ నీళ్ళలో పాత కొర్రమట్టలు. రెండున్నర క్వింటాళ్ళ ఇప్పచెక్క తెప్పించి నానబెట్టి చల్లించాడు. ఇప్పగింజల నూనె తీసిన పిండి అది. దానిలోని విషానికి చేపలు తేలిపోతవి, మనుషులు వాటిని తినవచ్చు. మూడు వారాలకు విషం విరిగి అదే ఎరువవుతుంది. తర్వాత సున్నం. ఆ తర్వాత పేడ, నాలుగు బండ్లు కాదు, లెక్క ప్రకారం. నీళ్ళు పెట్టే గొట్టానికి దోమతెర బట్ట కట్టాడు, బయటి చేప గుడ్డు కూడా రాకుండా.

పిల్లల్ని విడవడానికి ముందు రోజు గాలి లేని వేళ చూసి, అయిదారు కిలోల నూనెలో రెండు కిలోల దాకా సబ్బు కరిగించి నీటి మీద పరిచారు. నాకు అర్థం కాలేదు. నీటి మీద వెల్లకిలా ఈదే పురుగులూ, నల్ల పెంకు పురుగులూ ఉంటవి. అవి చేపపిల్లను పట్టుకొని పీల్చేస్తవి. గాలి కోసం అవి మాటిమాటికీ పైకి రావాలి. పైన నూనె తెర ఉంటే ఊపిరాడక చస్తవి. తూనీగ పిల్లలు మాత్రం నీటిలోనే ఊపిరి తీస్తవి, వాటిని జల్లి వలతో ఏరాలి. పిల్లలు తోకకు దారం కట్టి ఎగరేసే తూనీగ, బాల్యంలో చేపపిల్లల పాలిటి పూతన అని నాకీ వయసులో తెలిసింది.

పిల్లలు ఇరవై వేలే. నేను ముప్ఫై అన్నాను. కాకా నా వైపు చూసిన చూపుకు ఇరవై దగ్గరే ఆగాను. యాభై లీటర్ల నీళ్ళు పల్చని బట్టలో వడపోసి, మిగిలిన మడ్డిని గాజు గొట్టంలో పోసి ఎండకెత్తి చూస్తే సన్నటి పురుగులు గిరగిర తిరుగుతున్నవి. ఒక మిల్లీలీటరు దాటింది, చాలునన్నాడు. పొద్దున ఆరు గంటలకు సంచులు తేలేశాం. ఫోటో తీయలేదు.

అప్పటి నుంచి నేను నాలుగు గంటలకు లేస్తున్నాను. టార్చిలైటు వేసి నీటి అంచు చూస్తాను. మబ్బు పట్టిన రెండు రోజులు పిల్లలు పైకి వచ్చి మూతులు చాపినవి. ఆ రెండు రాత్రులూ మోటారు వేసి నీళ్ళు పైనుంచి జల్లుగా పడేట్లు చేశాం. కరెంటు పోయిన గంటసేపు మా శిష్యుడూ నేనూ బక్కెట్లతో ఎత్తి పోశాం. మా తమ్ముడు గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ చూశాడు. కొంతసేపటికి లుంగీ ఎగగట్టి వాడూ దిగాడు.

నిన్నటికి నలభై అయిదు రోజులు. చీర వలతో ఒక మూలన లాగితే అరవయ్యో డెబ్బయ్యో పిల్లలు పడ్డవి. వెండి పైసల్లాగ ఎగురుతున్నవి. మా శిష్యుడు ఒకదాన్ని తడి అరచేతిలో పెట్టుకొని, చూపుడు వేలు పక్కన ఆనించి కొలిచాడు. రెండు కణుపులు దాటింది, మూడో కణుపు అందలేదు. తమ్ముడు వంగి చూశాడు.

"చెర్ల ఇడువొచ్చా కాకా?" అన్నాడు మా శిష్యుడు.

"ఇంక పదేను దినాలు ఉండనియ్యి" అన్నాడు కాకా, దాన్ని మళ్ళీ నీళ్ళలోకి జారవిడుస్తూ.